హార్న్స్ రెవ్ 1: 2004లో 80 నాసెల్‌లూ ఎందుకు ఒడ్డుకు దించాల్సి వచ్చింది?

పెన్నాగాలి:
డెన్మార్క్ పడమటి తీరానికి 14–20 కి.మీ. దూరంలో 2002లో నిలబెట్టిన హార్న్స్ రెవ్ 1 గురించి అడుగుతున్నాను. నడి సముద్రంలో మొదటి పెద్ద విండ్‌ఫామ్ అంటే అదే: 80 వెస్టాస్ వీ80 టర్బైన్లు, ఒక్కోటి 2 మెగావాట్లు. రెండేళ్లు తిరక్కుండానే 80 నాసెల్‌లూ (టవర్ తలమీద జనరేటర్ లాంటివి ఉండే పెట్టెలు) విప్పి, ట్రాన్స్‌ఫార్మర్లు, జనరేటర్లు బాగుచేసి మళ్లీ ఎక్కించారు. నేలమీద కూడా ఇదే వీ80ని వాడుతున్నారు కదా, హార్న్స్ రెవ్‌లోనే తేడా ఎందుకు కొట్టింది? ట్రాన్స్‌ఫార్మర్‌ని టవర్ అడుగున పెట్టి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదుగా? గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరో 500 మెగావాట్లకు కేంద్రం 2024లో 7,453 కోట్లు ఒప్పుకుంది కాబట్టి రేపు మనకీ ఎదురయ్యే ప్రశ్నే.

స్విచ్‌యార్డ్:
అడుగున పెట్టడం డెన్మార్క్‌లోనే విండెబీ అనే సముద్రపు విండ్‌ఫామ్‌లో చేశారండీ. 1991 నాటిది, చిన్నదైనా అసలు మొదటిది అదే. టవర్ లోపలే ట్రాన్స్‌ఫార్మర్‌కి చోటు చేసి, తలుపు మామూలుకన్నా పైకి పెట్టారు. కానీ అక్కడ టర్బైన్ 450 కిలోవాట్లే, టవర్ 35 మీటర్లే. 690 వోల్ట్‌ల లెక్కన 380 ఆంపియర్లు కూడా రావు.

అదే వోల్టేజీలో 2 మెగావాట్లంటే దాదాపు 1,670 ఆంపియర్లు. హబ్ (బ్లేడ్లు కలిసే నడిబొడ్డు) ఎత్తు 70 మీటర్లు. అంత కరెంటు కిందికి దించాలంటే ఫేజుకి నాలుగైదు లావుపాటి కేబుళ్లు కావాలి, నాసెల్ తిరిగినప్పుడల్లా ఆ కట్టంతా మెలిపడాలి. పైనే 34 కేవీకి పెంచేస్తే మిగిలేది 34 ఆంపియర్లు. వీ80లో నాసెల్ వెనక భాగంలో ట్రాన్స్‌ఫార్మర్ కూర్చోవడానికి కారణం ఇదే. తప్పుడు ఆలోచనేమీ కాదు.

తేడా వచ్చేది దాని రకం దగ్గర. అది డ్రై టైప్: కాయిల్‌ని రెజిన్‌లో పోతపోస్తారు, ఆయిల్ ఉండదు, మంటల భయం తక్కువ. అయితే రెజిన్ పైపొర గాలికి తెరిచే ఉంటుంది. దానిమీద ఉప్పు తేమ పేరుకుంటే లీకేజీ కరెంటు పారుతుంది. పొర ఆరిన చోటల్లా చిన్న స్పార్కులు, ఆ స్పార్కుల కింద రెజిన్ మాడి చెట్టుకొమ్మల్లాంటి నల్లటి గీతలు. గీతలు కలిశాయంటే ఫ్లాష్ ఓవరే, అంటే పైపొర మీదుగా కరెంటు ఒక్కసారిగా దూకేస్తుంది. ఇక పోతలోనే గాలి బుడగ మిగిలి ఉంటే పార్షియల్ డిశ్చార్జ్ (ఆ బుడగలోనే పుట్టే చిన్న స్పార్కులు) లోపలినుంచి తొలిచేస్తుంది. హార్న్స్ రెవ్‌లో తయారీ లోపాలూ సముద్రపు వాతావరణమూ రెండూ తోడయ్యాయి.

జాకప్:
స్విచ్‌యార్డ్ గారు చెప్పింది చెడిపోవడం గురించి. 80 నాసెల్‌లనీ ఒకేసారి దించడం మాత్రం క్రేన్ లెక్క. నాసెల్ 79 టన్నులు, బ్లేడు ఒక్కోటి 6.5 టన్నులు. బ్లేడ్లు విప్పి, హెచ్‌టీ కేబుల్ ఊడదీసి, యా బోల్టులు (నాసెల్‌ని టవర్ మీద తిప్పే భాగానికి బిగించేవి) తీసి, నాసెల్‌ని డెక్ మీదికి దించాలి. సముద్రం అడుగున కాళ్లూని నిలబడే ఓడ ఉంటే తప్ప ఇది కాదు. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా ఆ ఓడని పిలిస్తే రాకపోకలకీ, అలలు తగ్గేదాకా వేచి ఉండడానికే డబ్బు అయిపోతుంది. లోపం బ్యాచ్ అంతటా ఉందని తేలాక ఒక వేసవిలో అన్నీ చేసెయ్యడమే చవక.

పడవలోంచి నిచ్చెన మీదికి దూకడానికి అల ఎత్తు 1.5 మీటర్ల లోపు ఉండాలి, నార్త్ సీలో చలికాలం అలాంటి రోజు దొరకడమే గగనం. అందుకే ఇక్కడ నాసెల్ నెత్తిన హెలికాప్టర్ నుంచి మనిషిని దించే ప్లాట్‌ఫామ్ పెట్టారు. మనిషీ, పనిముట్ల సంచీ దిగుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ దిగదు.

పెన్నాగాలి:
బాగా చెప్పారు సర్. మరి ట్రాన్స్‌ఫార్మర్ కొనేటప్పుడూ, ఛార్జ్ చేసేటప్పుడూ (కరెంటు ఎక్కించేటప్పుడూ) ఏం పట్టుబట్టాలి?

స్విచ్‌యార్డ్:
పార్షియల్ డిశ్చార్జ్ టెస్టు శాంపిల్‌కి కాదు, ప్రతి యూనిట్‌కీ చేయించాలి. డ్రై టైప్ ట్రాన్స్‌ఫార్మర్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60076-11 ప్రకారం 10 పికోకూలంబ్‌లు దాటకూడదు. కూలింగ్‌కి బయటిగాలి నేరుగా తగలనివ్వొద్దు. లోపలి గాలి లోపలే తిరిగి, మధ్యలో హీట్ ఎక్స్‌చేంజర్ ఉండాలి. చాలామంది వదిలేసేది ఒకటుంది: టర్బైన్ ఆగినప్పుడు కూడా హీటర్లు, డీహ్యూమిడిఫయర్లు నడవాలి. హార్న్స్ రెవ్ నుంచి ఒడ్డుకి 150 కేవీ కేబుల్ ఒక్కటే, 21 కి.మీ. అలాంటి కేబుల్ పోతే హీటర్లకి కరెంటు ఎక్కడిది? డీజిల్ సెట్ సైజు ఈ లోడు కలుపుకునే వెయ్యాలి. వారాలు ఆగి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌ని నేరుగా ఛార్జ్ చెయ్యొద్దు. ముందు వేడిచేసి, మెగ్గర్ రీడింగ్ (ఇన్సులేషన్ నిరోధం) నిలకడగా వచ్చాకే.

లంగరు:
అందరూ ట్రాన్స్‌ఫార్మర్ మీదే పడ్డారు. ఆ తరం మోనోపైళ్లలో (టర్బైన్‌ని మోసే ఒంటి ఉక్కు గొట్టం పునాదుల్లో) అంతకన్నా మొండి సమస్య గ్రౌట్, అంటే సందుల్లో పోసే సిమెంటు మిశ్రమం. 4 మీటర్ల వ్యాసం పైల్‌ని ఇసుకలోకి 25 మీటర్ల దాకా దిగగొట్టి, పైన ట్రాన్సిషన్ పీస్ (టవర్‌ని మోసే పైముక్క) తొడిగి, మధ్య సందులో గ్రౌట్ పోస్తారు. రెండూ నున్నటి గొట్టాలే. గాలికి టవర్ అటూ ఇటూ వంగేకొద్దీ గ్రౌట్ పట్టు వదిలి, పైముక్క మెల్లగా కిందికి జారుతుంది. 2009–10లో నార్త్ సీలో చాలా విండ్‌ఫామ్‌లలో ఇది బయటపడింది. పాతవాటికి పైల్ తలకీ పైముక్క లోపలి బ్రాకెట్లకీ మధ్య రబ్బరు బేరింగులు దూర్చారు; కొత్తవాటిలో గొట్టాలమీద వెల్డింగ్ గట్లు, శంకువు ఆకారం, లేదా గ్రౌటే లేకుండా బోల్టుల ఫ్లాంజ్. పాత నున్నటి రకం ఎక్కడున్నా, ప్రతి సర్వీసులో బ్రాకెట్ కింద సందుని చుట్టూ నాలుగైదు చోట్ల మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోవాలి. ఒకవైపే తగ్గుతోందంటే టవర్ వాలుని కూడా వెంటనే చూడాలి.