కస్టమర్‌కు ఇంగ్లీషులో సలహా మర్యాదగా ఎలా చెప్తున్నారు?

ఇక్కత్_దుకాణం:
పోచంపల్లిలో మాది చేనేత బట్టల షాపు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మా ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. విదేశీయులు కూడా వస్తుంటారు. మొన్న ఒకావిడ ఎర్ర దుపట్టా చూస్తోంది. నీలం బాగుంటుందనిపించి "దిస్ నాట్ గుడ్ ఫర్ యూ, టేక్ బ్లూ" అన్నాను. నా మనసులో ఉన్నది "నీలం తీసుకోండి, మీకు బాగుంటుంది" అని. ఆవిడ ముఖం చిన్నబోయింది. దుపట్టా మడతపెట్టి, థాంక్యూ చెప్పి వెళ్లిపోయింది. బేరం పోతే పోయింది, మనిషిని నొప్పించానే అని రెండు రోజులు మనసు బాగాలేదు. మీరెలా చెప్తారో రాయండి.

కాల్‌సెంటర్_ట్రైనర్:
అన్నా, మీ మాటలో "అండి" జారిపోయింది. తీసుకో, తీసుకోండి అని మనకు మర్యాద క్రియ చివర్లోనే ఉంటుంది. ఇంగ్లీషులో రెంటికీ "టేక్" ఒక్కటే. ఆ "అండి"ని వుడ్, కుడ్, మైట్‌లతో తేవాలి. "యూ మైట్ లైక్ ద బ్లూ వన్ టూ" అనండి. చివరి "టూ" వదలొద్దు. ఎరుపు బాగాలేదనకుండానే నీలాన్ని కూడా చూడమన్నట్టవుతుంది. "ప్లీజ్ టేక్ దిస్" అంటే చాలదా అని కొత్త బ్యాచ్ వాళ్లు ప్రతిసారీ అడుగుతారు. ప్లీజ్ పెట్టినా అది కొనమని ఒత్తిడి చేసినట్టే ఉంటుంది.

డాలస్_సర్వర్:
ఇక్కడ తెలుగు రెస్టారెంట్‌లో పనిచేస్తాను. గోంగూర మటన్ అడిగిన అమెరికన్‌తో "టూ స్పైసీ ఫర్ యూ" అంటే నీవల్ల కాదన్నట్టే. "ఇట్స్ క్వైట్ స్పైసీ. ఇఫ్ యూ ప్రిఫర్ సమ్‌థింగ్ మైల్డర్, ఐడ్ రికమెండ్ ద కుర్మా" అంటాను. చాలామంది అయినా గోంగూరే తెప్పించుకుంటారు, సంతోషంగా తింటారు.

ఇంగ్లీష్_మాస్టారు:
"ఐ సజెస్ట్ యూ టు టేక్" అని మనవాళ్లు తరచూ అంటారు. అది తప్పు. "ఐడ్ సజెస్ట్ ద కాటన్ వన్" చాలు. ఇంకోటి, "యూ హాడ్ బెటర్" సలహాకు వాడొచ్చని నేనే పిల్లలకు చెప్పాను. కానీ వినేవాళ్లకు అందులో "లేదంటే ఇబ్బంది పడతావు" అనే హెచ్చరిక వినిపిస్తుంది. షాపులో వద్దు బాబూ.

టెక్_సపోర్ట్_హైదరాబాద్:
మాస్టారూ, అతి మర్యాదా ఇబ్బందేనండి. నెట్ పోయి టెన్షన్‌లో ఉన్న కస్టమర్‌తో "ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్ పాసిబ్లీ" అని సాగదీస్తే మండిపోతారు. "లెట్స్ ట్రై రీస్టార్టింగ్ ద రౌటర్" అంటాను. "లెట్స్" అనగానే ఇద్దరం కలిసి చేస్తున్నట్టుంటుంది. డేటా పోయే ప్రమాదముంటే మాత్రం "ప్లీజ్ డోంట్ డిలీట్ దట్ ఫోల్డర్" అని సూటిగా చెప్పేస్తాను. అక్కడ మైట్‌లు, కుడ్‌లు పనికిరావు.

ఇక్కత్_దుకాణం:
అందరికీ నమస్కారం. నిన్న ఒక జంట వచ్చి, చీర మీద పువ్వుల అంచులు మసకగా ఉన్నాయని డ్యామేజ్ అనుకున్నారు. మునుపైతే "నో డ్యామేజ్, దిస్ ఈజ్ ఇక్కత్" అనేవాణ్ణి. ఈసారి "మే ఐ షో యూ సమ్‌థింగ్?" అని, కట్లు కట్టి రంగు వేసిన నూలు తెచ్చి చూపించాను. నేయకముందే నూలుకు రంగు వేస్తాం కాబట్టి అంచులు కాస్త అలా అలుక్కుంటాయి. "యూ మైట్ లైక్ టు సీ ద బ్యాక్ టూ" అన్నాను. ఆవిడే చీర తిరగేసింది. వెనకా అదే పువ్వు. భర్తను పిలిచి చూపించింది. ట్రైనర్ గారూ, ఆ "టూ" మర్చిపోలేదు.