'గెటప్ స్టాండప్' మార్లే పాటా, టాష్ పాటా?

కీబోర్డ్_కిశోర్:
ఫెస్ట్‌లో మా బ్యాండ్ 'గెటప్ స్టాండప్' పాడుతోంది. పాటకు ముందు చరిత్ర రెండు ముక్కలు చెప్పమన్నారు. 1973లో జమైకా రెగె సంగీత బ్యాండ్ 'ద వెయిలర్స్' చేసిన 'బర్నిన్' ఆల్బంలో వచ్చిందని తెలుసు. అసలు రాసిందెవరు, ఆ బ్యాండ్‌లోని బాబ్ మార్లేనా, పీటర్ టాషా? ఏ వెర్షన్ విని ప్రాక్టీస్ చేయమంటారు? మా గిటారిస్టు టెన్షన్‌తో చస్తున్నాడు, గిటార్ కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) కూడా ఎవరైనా చెప్పండి.

రికార్డుల_రాజారావు:
ఇద్దరి పేర్లూ ఉన్నాయి కదా బాబూ. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. మొదటి రెండు చరణాలు మార్లే, మూడోది టాష్. చచ్చాక స్వర్గం దొరుకుతుందన్న మాటలు విని విని విసుగెత్తిపోయామని తెగేసి చెప్పేది ఆ మూడో చరణంలోనే. మార్లే నచ్చజెప్పినట్టు పాడతాడు, టాష్ నిలదీస్తాడు.

గిరి_గుంటూరు:
ఇన్నాళ్ళకు ఒకరన్నారు! ఏ షాపుకెళ్ళినా టీషర్టు మీద మార్లే బొమ్మే. టాష్ అనేవాడు ఉన్నాడని మనవాళ్ళకి తెలీదు. 1974లో 'నాటీ డ్రెడ్' వచ్చేసరికి బ్యాండ్ పేరే 'బాబ్ మార్లే అండ్ ద వెయిలర్స్' అయిపోయింది. టాష్, మూడో గాయకుడు బన్నీ వెయిలర్ అప్పటికే బయటికొచ్చేశారు. 1977లో టాష్ తన 'ఈక్వల్ రైట్స్' ఆల్బంలో మొట్టమొదటి పాటగా దీన్నే పెట్టాడు. అదే ఏడాది బన్నీ కూడా 'ప్రొటెస్ట్'లో పాడాడు. ముగ్గురూ విడిపోయాక కూడా ఎవరూ వదులుకోని పాట ఇది. కిశోర్, టాష్ వెర్షనే పాడండి.

పద్మజ_డల్లాస్:
చరిత్ర అడిగాడు కదా, హైతీ సంగతి ఒక్కరూ ఎత్తలేదేం? మార్లే హైతీ వెళ్ళి అక్కడి పేదరికం చూసి కదిలిపోయి రాసిన పాట ఇది. ఎక్కడ చదివినా ఇదే ఉంటుంది.

గిరి_గుంటూరు:
ఎక్కడ చదివినా ఉంటుంది, అదే బాధ. ట్రెంచ్‌టౌన్ మురికివాడలో పెరిగినవాడు పేదరికం చూడ్డానికి విమానమెక్కి హైతీ పోవాలా మేడం? జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఇంటి గుమ్మం దాటితే చాలు.

పద్మజ_డల్లాస్:
ఇంట్లో రోజూ కనపడేది అలవాటైపోతుంది, పక్క ఊళ్ళో చూస్తే కళ్ళు తెరుచుకుంటాయి. ఇందులో వెటకారానికి ఏముంది? ఆ రోజుల్లో మార్లేతో ఉన్న ఎస్తర్ ఆండర్సన్, హైతీ నుంచి వస్తూ విమానంలో రాశామని చెప్పింది. 'బర్నిన్'లో ఆమె తీసిన ఫోటోలు కూడా ఉన్నాయి. దారిన పోయే మనిషి కాదు.

గిరి_గుంటూరు:
చూశారా! ఇప్పుడు పాటలో మూడో వాటా కూడా వచ్చింది. అందరికీ పంచి చివర్లో టాష్‌కి చిల్లర మిగల్చండి.

పద్మజ_డల్లాస్:
వాటాలు నేను పంచానా? ఆమె చెప్పుకున్నది చెప్పాను. మీకు టాష్ మీద అభిమానం ఉంటే పూజ చేసుకోండి, మిగతావాళ్ళ నోరు మూయించక్కర్లేదు.

బేస్_భాస్కర్:
మీ గొడవ ఆపి పాట వినండి ముందు. రెగె వాయించడంలో జుట్టు నెరిసినవాణ్ణి, చెబుతున్నాను. ఈ పాటకు ప్రాణం ఫ్యామిలీమాన్ బారెట్ వాయించిన బేస్ గిటార్. డ్రమ్స్ మీద వాళ్ళ తమ్ముడు కార్ల్‌టన్. అన్నదమ్ములిద్దరి పేర్లూ ఏ పోస్టర్ మీదా ఉండవు. పైగా ఆ బేస్ లైన్‌కీ, అమెరికా బ్యాండ్ 'వార్' 1971లో చేసిన 'స్లిప్పిన్ ఇన్‌టు డార్క్‌నెస్'కీ పోలిక ఉంది. పక్కపక్కన పెట్టి వినండి, చెవులున్నవాళ్ళకి తెలుస్తుంది.

సుబ్బు_సత్తెనపల్లి:
'వార్' మార్లే పాటే కదా సార్, ఇథియోపియా చక్రవర్తి హెయిలీ సెలాసీ ప్రసంగంతో చేసింది?

బేస్_భాస్కర్:
అది 1976 నాటి పాట. నేనన్నది బ్యాండ్ పేరు. చదివి రాయండయ్యా.

సుబ్బు_సత్తెనపల్లి:
కోపమెందుకు సార్. ఇంకోటి, మా బాబాయి 1988లో ఢిల్లీ నెహ్రూ స్టేడియంలో ఈ పాట లైవ్‌లో విన్నానని ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెబుతుంటాడు.

రికార్డుల_రాజారావు:
మార్లే 1981 మేలోనే పోయాడు. టాష్‌ని 1987 సెప్టెంబర్‌లో ఇంట్లోకి చొరబడి కాల్చి చంపారు. మీ బాబాయి ఎవర్ని విన్నాడట?

సుబ్బు_సత్తెనపల్లి:
మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ వాళ్ళ టూర్ సార్. స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, పీటర్ గాబ్రియెల్, ట్రేసీ చాప్‌మన్, యూసూ ఎన్‌దూర్ అందరూ ఒకే స్టేజి మీద కలిసి పాడారు. సెప్టెంబర్ 30న. మావాడు వెళ్ళింది స్ప్రింగ్‌స్టీన్ కోసమే, ఈ పాట ఎవరిదో కూడా అప్పటికి తెలీదట.

పద్మజ_డల్లాస్:
భలే. ఆ టూర్‌కి ఇంతకన్నా సరిపోయే పాట లేదు. మీ బాబాయి దగ్గర ఫోటోలున్నాయా?

గిరి_గుంటూరు:
హక్కుల టూర్‌లో పాడే నాటికి టాష్ పోయి ఏడాది. 1978 ఏప్రిల్‌లో పీస్ కన్సర్ట్‌లో మార్లే జమైకాలోని రెండు ప్రత్యర్థి పార్టీల నాయకుల చేతులు కలిపిన ఫోటో అందరూ షేర్ చేస్తారు. అదే స్టేజి మీద వాళ్ళిద్దరి ముందే గంజాయి వెలిగించి, పోలీసుల్ని కడిగేసినవాడు టాష్. కొన్ని నెలలకే పోలీసులు పట్టుకుని చావగొట్టారు. హక్కుల కోసం లేవమని పాడినందుకు ఒళ్ళు హూనమైంది ఎవరికి?

బేస్_భాస్కర్:
మార్లేని మాత్రం ముద్దు పెట్టుకున్నారా? 1976లో ఇంటికొచ్చి కాల్చారు. రెండు రోజులకే స్టేజి ఎక్కాడు. 1980 సెప్టెంబర్ 23న పిట్స్‌బర్గ్‌లో, క్యాన్సర్ ఒళ్ళంతా పాకాక, ఆఖరి కన్సర్ట్‌లో ఆఖరున పాడింది ఈ పాటే. ఇక పోలికలు కట్టిపెట్టు.

కీబోర్డ్_కిశోర్:
అన్నలూ, అక్కా, చరిత్ర చాలు. కార్డ్స్?

బేస్_భాస్కర్:
కార్డ్స్ కాదు, కార్డ్. పాటంతా దాదాపు ఒకే మైనర్ కార్డ్ మీద నడుస్తుంది. మీ గాయకుడి గొంతుకు సరిపోయే శ్రుతిలో పెట్టుకోండి. గిటారిస్టుని ఒకటో దెబ్బ మీద చెయ్యి ఆపుకోమను. రెండు, నాలుగు దెబ్బల మీద మాత్రం పొట్టిగా కొట్టి, వెంటనే తీగలు మూసెయ్యాలి. మోగుతూ వదిలేస్తే భజన పాటైపోతుంది. ప్రాక్టీస్‌కి 1975లో లండన్ లైసియం హాల్లో మార్లే పాడిన లైవ్ రికార్డు పెట్టుకోండి.

గిరి_గుంటూరు:
అందులో టాష్ లేడు.