ఇంగ్లీషు ‘రన్’కు నిజంగా 645 అర్థాలున్నాయా?

పదశోధి (చర్చ మొదలుపెట్టినవారు)

ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువ అర్థాలున్న మాట ‘రన్’ అనీ, ఒక్క క్రియగానే దానికి 645 అర్థాలనీ మీలో చాలామంది ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. ఈ అంకె ఎవరో ఊహించి చెప్పింది కాదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ వాళ్లు 2011లో ఆ ఎంట్రీని తిరగరాసినప్పుడు తేలిన లెక్క. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు ఆ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు పనిచేశారు. అంతకుముందు 1989 నాటి కూర్పులో ‘సెట్’ 430 అర్థాలతో ముందుండేది.

ఆ పని మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ 645ను అర్థాలు అని ప్రచారం చేయడం మాత్రం తప్పు. అవి వాడుకలు. ‘రన్’కు మూలభావం ఒక్కటే: ఆగకుండా కదలడం, లేదా కదిలేలా చేయడం. ఇంగ్లీషులో కుళాయి రన్ అవుతుంది, ముక్కు రన్ అవుతుంది, ఉతికితే చీర రంగు రన్ అవుతుంది. మనకు కుళాయిలో నీళ్లు వస్తాయి, ముక్కు కారుతుంది, రంగు దిగుతుంది. మూడు తెలుగు క్రియలు పడ్డాయి కాబట్టి మూడు అర్థాలని మనకు అనిపిస్తుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లకు మూడుచోట్లా కనిపించేది ఒకే కదలిక. బస్సు నడిచినా, బడి నడిపినా, సినిమా వంద రోజులు ఆడినా వాళ్లకు అదే మాట.

మన ‘కొట్టు’ చూడండి. చప్పట్లు కొడతాం, హారన్ కొడతాం, సైకిల్‌కి గాలి కొడతాం, గోడకు సున్నం కొడతాం, గుడిలో కొబ్బరికాయ కొడతాం. ఎండ కొడుతుంది, వాసన కొడుతుంది, బోర్ కొడుతుంది. పొలంలో మందు కొట్టడం వేరు, స్నేహితులతో కూర్చుని మందు కొట్టడం వేరు. వీటిని ఏ తెలుగు పిల్లాడూ నానార్థాలుగా బట్టీ పట్టలేదు. పక్కన ఏ మాట ఉందో వింటాడు, అర్థమైపోతుంది.

ఇంకో సంగతి. అమెరికాలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ తయారుచేసిన వర్డ్‌నెట్ అనే కంప్యూటర్ నిఘంటువులో ‘రన్’ క్రియకు 41 అర్థాలే ఇచ్చారు. భాష అదే, మాట అదే. ఒకరి లెక్క 645, ఇంకొకరి లెక్క 41. అర్థాలు మాటలోనే ఉంటే లెక్క ఇంతగా ఎందుకు మారుతుంది? కోసేవాళ్ల కత్తిని బట్టి ముక్కలు వస్తున్నాయి, అంతే.

నిఘంటుప్రియ

పదశోధి గారూ, కత్తి వేరైతే ముక్కలు వేరన్నది నిజమే. అంతమాత్రాన లోపల కీళ్లు లేవనడం కుదరదు.

మూలభావం ఒక్కటే అన్నారు. ఇంగ్లీషులో జ్వరంతో ఉండటాన్ని ‘రన్ ఎ ఫీవర్’ అంటారు. దొంగచాటుగా తుపాకులు తరలించడం ‘రన్ గన్స్’. పత్రిక ఒక వార్త వేస్తే ‘రన్ ఎ స్టోరీ’. ఆగకుండా కదలడం అనే ఒక్క భావం పట్టుకుని ఈ మూడింటినీ ముందుగా ఊహించగలిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా? తెలిశాక వెనక్కి తిరిగి చూస్తే అన్నీ కలిసినట్టే ఉంటాయి. తెలియనివాడికి ఆ మూలభావం దారి చూపదు.

భాషాశాస్త్రంలో దీనికో పాత పరీక్ష ఉంది. రెండు వాడుకలను ఒకే క్రియ కింద కలిపి చూడాలి. ‘ఆమె ఒక కంపెనీని, జ్వరాన్ని రన్ చేస్తోంది’ అని ఇంగ్లీషులో అంటే వినేవాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘ఒక కంపెనీని, ఒక హోటల్‌ని రన్ చేస్తోంది’ అంటే ఏ ఇబ్బందీ లేదు. మీ ‘కొట్టు’తోనే చేయండి. ‘గోడకు సున్నమూ, మ్యాచ్‌లో సిక్సూ కొట్టాడు’ అంటే చెవికి తగులుతుంది. ఆ తగిలేచోటే అర్థం మారిందన్నమాట.

‘సెట్’ సంగతి ఇంకా గట్టిది. పెట్టడం అనే క్రియ పాత ఇంగ్లీషుది, ‘సిట్’కు దగ్గరి చుట్టం. గిన్నెల సెట్, లెక్కల్లో వచ్చే సెట్ అనే నామవాచకం చాలావరకు లాటిన్ ‘సెక్టా’ నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. తర్వాత రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని పెరిగాయి. మన దుకాణం ‘కొట్టు’కీ, దెబ్బ ‘కొట్టు’కీ సంబంధం లేనట్టే. వాడుకలు అనే ఒక్క మాట కింద వీటన్నిటినీ తోసేస్తే ఈ చరిత్రంతా పోతుంది.

నానార్థాలు లెక్కపెట్టడం మనకు కొత్తా? అమరకోశంలో నానార్థవర్గం అని విడిగా ఒక వర్గమే ఉంది. అందులో ‘హరి’ శ్లోకం గుర్తు చేసుకోండి. యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప. ఇవికాక కపిలవర్ణం. అన్నిటి వెనకా రంగు ఒక్కటే ఉందని ఎవరైనా వ్యుత్పత్తి చెప్పవచ్చు. అయినా కప్పా సింహమూ ఒకటే అర్థమని అమరసింహుడు ఊరుకోలేదు.

బడిపంతులు_పలాస

తొమ్మిది, పది తరగతులకు ఇంగ్లీషు చెబుతాను. ఈ చర్చ నాకు చాలా దగ్గరది, కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

మా పిల్లల నోట్సుల్లో ‘టేక్ = తీసుకొను’ అని ఉంటుంది. గైడ్లలోనూ అంతే. ఆ ఒక్క సమీకరణంతో పరీక్ష హాలుకి వెళ్తారు. ‘టేక్ ప్లేస్’ (జరగడం) వస్తే చోటు తీసుకున్నాడు అని రాస్తారు. ‘ది ప్లేన్ టుక్ ఆఫ్’ దగ్గర పెన్ను ఆగిపోతుంది. తప్పు పిల్లలది కాదు. ఒక ఇంగ్లీషు మాటకు ఒక తెలుగు మాట చొప్పున అంటించి నేర్పుతున్నది మనమే.

దీనికి విరుగుడుగా కొన్నిచోట్ల ‘గెట్’కు అర్థాలని పెద్ద చార్టు వేలాడదీస్తున్నారు. అది ఇంకా నష్టం. పిల్లాడికి టెన్షన్ పెరుగుతుంది, మాట రాదు. నిఘంటుప్రియ గారు చెప్పిన కీళ్లన్నీ నిజమే అనుకుందాం. పద్నాలుగేళ్ల పిల్లకు ముందు ఏ కీలు చూపించాలి? ఆ ప్రశ్నకు 645 అనే అంకె ఏ జవాబూ ఇవ్వదు.

ఈ ప్రశ్న మీద జీవితమంతా పనిచేసిన మనిషి ఒకరున్నారు. మైకేల్ వెస్ట్. బ్రిటిషు కాలంలో ఢాకాలో ఉండి బెంగాలీ పిల్లలకు ఇంగ్లీషు చదవడం ఎలా నేర్పాలా అని ఆలోచించినాయన. 1953లో ఆయన ప్రచురించిన జాబితాలో సుమారు 2,000 మాటలు ఉంటాయి. అందులో నాకు నచ్చేది మాటల ఎంపిక కాదు, ఒక్కో మాట పక్కన ఒక్కో అర్థం ఎంత శాతం వాడుకలో ఉందో ఇవ్వడం. ఏది ముందు నేర్పాలో, ఏది వదిలేసినా పరవాలేదో టీచరుకు తెలుస్తుంది. బ్రిటిషు కాలంనాటి మన దేశపు తరగతి గదుల అనుభవం దీని వెనక ఉంది. మన బీఎడ్ క్లాసుల్లో దీని గురించి ఎక్కువ చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

తర్వాత 1987లో బర్మింగ్‌హామ్ నుంచి జాన్ సింక్లెయిర్ అనే భాషాశాస్త్రవేత్త బృందం కోబిల్డ్ డిక్షనరీ తెచ్చింది. అందులో అర్థాన్ని పూర్తి వాక్యంగా ఇస్తారు, ఆ మాట పక్కన మామూలుగా ఏమేం వస్తాయో ఆ వాక్యంలోనే కనిపిస్తుంది. సింక్లెయిర్ ఎత్తి చూపిన ఒక విషయం క్లాసులో రోజూ కనిపిస్తుంది. ‘టేక్ ఎ లుక్’, ‘హ్యావ్ ఎ బాత్’ లాంటి చోట్ల క్రియలో సొంత అర్థం దాదాపు ఖాళీ అయిపోతుంది, బరువంతా పక్కనున్న నామవాచకానిదే. ఖాళీ అయిన మాటకు ఇన్నో అర్థం అని నంబరు వేసి ఏం లాభం? చూడు, స్నానం చెయ్యి అని మొత్తంగా నేర్పితే పిల్లలు ఒక్క రోజులో పట్టుకుంటారు.

ఇంకోటి కూడా పిల్లలకు చెబుతాను, చాలా ఇష్టంగా వింటారు. ఎన్నికల్లో అమెరికావాళ్లు ‘రన్’ చేస్తారు, బ్రిటన్‌లో ‘స్టాండ్’ చేస్తారు. మనవాళ్లు నిలబడతారు. పని ఒకటే, ఒకచోట పరుగు, ఒకచోట నిలబడటం. ఇది చెప్పాక ‘రన్ అంటే పరుగెత్తు’ అనే అంటు వాళ్లంతట వాళ్లే వదిలించుకుంటారు.

ఎడిసన్_వకీలు

అర్థాలా, వాడుకలా అన్నది పండితుల గొడవలా కనిపిస్తుంది గానీ, అమెరికాలో దీని మీద మనుషుల జైలుశిక్షలు ఆధారపడ్డాయి. ‘రన్’ కాదు, అంతకన్నా మామూలు మాట: ‘యూజ్’.

మాదకద్రవ్యాల నేరంలో తుపాకీ ‘యూజ్’ చేస్తే అదనపు శిక్ష అని అక్కడి ఫెడరల్ చట్టం. స్మిత్ అనే ఆయన తన తుపాకీ ఇచ్చి కొకైన్ తీసుకోవాలని బేరం పెట్టాడు. కాల్చలేదు, బెదిరించలేదు. అది మెషిన్‌గన్‌గా మార్చినది కావడంతో ఆ సెక్షన్ కింద 30 ఏళ్లు. తుపాకీని సరుకులా మారకం వేయడం ‘యూజ్’ అవుతుందా? 1993లో సుప్రీంకోర్టు 6–3తో అవుతుందంది. తీర్పు రాసిన జస్టిస్ ఒకానర్ డిక్షనరీలు తీసి, ఏ విధంగా పనికి వాడుకున్నా ‘యూజ్’ కిందికే వస్తుందన్నారు. జస్టిస్ స్కాలియా ఒప్పుకోలేదు. నువ్వు చేతికర్ర వాడతావా అని ఎవరైనా అడిగితే దాని ఊతంతో నడుస్తావా అనే కదా అర్థం, హాల్లో అలంకారంగా పెట్టుకున్నావా అని కాదు కదా అన్నది ఆయన వాదన. 2007లో వాట్సన్ కేసులో బేరం అటుదిటు అయింది: మాదకద్రవ్యం ఇచ్చి తుపాకీ పుచ్చుకున్నవాడు దాన్ని ‘యూజ్’ చేసినట్టు కాదని తొమ్మిదిమందీ ఏకమయ్యారు.

1998లో అదే చట్టంలో ఉన్న ‘క్యారీ’ అనే మాట మీద మస్కరెల్లో కేసు. కారు డాష్‌బోర్డు అరలో తాళంవేసి ఉన్న తుపాకీని ‘క్యారీ’ చేసినట్టేనా? 5–4తో అవునన్నారు. జస్టిస్ బ్రేయర్ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో మొదట ఉన్న అర్థాన్ని ముఖ్యార్థంగా తీసుకున్నారు. నాకు అభ్యంతరం ఇక్కడే. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థాలు చారిత్రక క్రమంలో ఉంటాయి, ముందు పుట్టినది ముందు. మొదటిది పాతది కావచ్చు, ముఖ్యమైనది కానక్కర్లేదు. అర్థాలకు నంబర్లు వేస్తే ఒకటో నంబరుకి లేని గౌరవం వస్తుంది.

పదశోధి

వకీలు గారూ, నేను చెప్పలేకపోయినదాన్ని మీ కేసులు చెప్పాయి. డిక్షనరీలో అన్ని అర్థాలూ వరసగా ఉంటే ఎవరికి కావలసింది వాళ్లు ఏరుకుంటారు. స్కాలియా చూసింది మొత్తం పదబంధాన్ని: తుపాకీ పక్కన ‘యూజ్’ వస్తే మామూలు మనిషి ఏమనుకుంటాడు అని.

నిఘంటుప్రియ గారికి ఒక విన్నపం. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ ఒకసారి చేర్చినదాన్ని తీసేయదు. ఎప్పుడో వాడుకలోంచి పోయిన అర్థాలు కూడా ఆ లెక్కలోనే ఉంటాయి. ‘రన్ ఓవర్’, ‘రన్ అవుట్’ వంటి జంట క్రియలూ ఆ ఎంట్రీలోనే వస్తాయి. వెయ్యేళ్ల చరిత్రగా అది గొప్పదే. కానీ ఇవాళ మాట్లాడే ఏ ఒక్క మనిషి బుర్రలోనూ ఆ 645 లేవు. ఆ తేడా చెప్పకుండా అంకెను తిప్పుతుంటే ఇంగ్లీషు అంటే అందని కొండ అని మన పిల్లలు భయపడుతున్నారు. నా పట్టుదలంతా అందుకే.

శామ్యూల్ జాన్సన్ కూడా 1755 నాటి తన డిక్షనరీ ముందుమాటలో ‘సెట్’, ‘గో’, ‘రన్’, ‘మేక్’, ‘టేక్’ వంటి క్రియలను పేరుపేరునా చెప్పి, వీటి అర్థం ఎంత వదులుగా ఉంటుందో, పట్టుకోవడం ఎంత కష్టమో రాశారు.

కాకినాడ_కోడర్

కంప్యూటర్ వైపు నుంచి రెండు ముక్కలు. 1960లో బార్-హిల్లెల్ అనే పరిశోధకుడు ‘ద బాక్స్ వాజ్ ఇన్ ద పెన్’ అనే వాక్యం చూపించి, ఇక్కడ ‘పెన్’ అంటే కలం కాదు, పిల్లలు ఆడుకునే గడి అని యంత్రానికి ఎప్పటికి తెలుస్తుంది అని అడిగాడు. ఆ తర్వాత దశాబ్దాలపాటు మేం చేసిన పని వర్డ్‌నెట్ లాంటి జాబితా పెట్టుకుని ఏ వాక్యంలో ఏ నంబరు అర్థమో గుర్తించడం. చిక్కేమిటంటే మరీ సన్నగా చీల్చిన అర్థాల దగ్గర మనుషులకే ఏకాభిప్రాయం కుదరలేదు. ఆంటోనోట్స్ అనే ప్రాజెక్టు అందుకే గుర్తించేవాళ్లలో 90 శాతం ఏకాభిప్రాయం వచ్చేదాకా అర్థాలను కలుపుతూ పోయింది. నాకైతే లెక్కకు అదే నిజాయితీగల పద్ధతి. మనుషులు విడదీయగలిగినన్నే అర్థాలు.

ఎక్కువ వాడే మాటకే ఎక్కువ అర్థాలు ఉంటాయని జిప్ఫ్ అనే పరిశోధకుడు 1945లోనే చూపించాడు. అందుకే ‘రన్’, ‘సెట్’, ‘టేక్’ పైన ఉంటాయి, ‘ఆక్సిజన్’ ఉండదు.

నిఘంటుప్రియ

కోడర్ గారి 90 శాతం పద్ధతి నాకూ నచ్చింది. చూడండి, అక్కడా అర్థాలు కలిశాయి గానీ ఒక్కటిగా మిగల్లేదు. పదశోధి గారి మొదటి పోస్టులో ఉన్న ‘మూలభావం ఒక్కటే’ అన్న మాటతోనే నా పేచీ, అది ఇంకా అలాగే ఉంది. అంకె చూసి పిల్లలు భయపడకూడదన్నారు, సరే. భయం తీర్చడానికి ‘అన్నీ ఒకటేలే’ అని చెబితే మాత్రం ‘రన్ ఎ రిస్క్’ (ముప్పుకు సిద్ధపడటం) దగ్గర ఆ పిల్లలే మోసపోతారు. చచ్చిన అర్థాలను ఉంచడం గురించి: నాలుగు వందల ఏళ్ల కిందటి నాటకం చదివే విద్యార్థికి అవే కావాలి. డిక్షనరీ ఆ పాఠకుడి కోసం కూడా.

బడిపంతులు_పలాస

ఇద్దరి మాటలూ కలిపి ఒక అడుగు వేయొచ్చేమో. వెస్ట్ ఇంగ్లీషుకు ఇచ్చినట్టు మన ‘కొట్టు’, ‘పట్టు’, ‘వేయు’, ‘తీయు’లకు ఏ అర్థం ఎంత శాతమో లెక్క ఉంటే, తెలుగు కొత్తగా నేర్చుకునే ఒడియా, హిందీ పిల్లలకు మా సరిహద్దు బళ్లలో ఎంతో పనికొస్తుంది. కోడర్ గారూ, పత్రికల్లో వచ్చిన తెలుగు రాతలు పెద్ద మొత్తంలో మీ దగ్గర ఉంటే ముందు ‘కొట్టు’ ఉన్న వాక్యాలు ఒక రెండు వందలు తీసి ఇక్కడ పెట్టగలరా? నిఘంటుప్రియ గారు ఒకవైపు, పదశోధి గారు ఒకవైపు విడివిడిగా వాటిని గుంపులు చేయండి. ఎన్ని గుంపులు కలుస్తాయో చూద్దాం.