వాతావరణ పరిశోధన వైపు పోవాలంటే ఏ దారి మంచిది?

అన్నలూ, అక్కలూ, అనంతపురంలో బీఎస్సీ ఫిజిక్స్ ఆఖరి ఏడాది చదువుతున్నా. మా జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన. శనక్కాయ ఊడలు, అంటే కాయ కట్టే కాడలు, నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేస్తే చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకితే కాయలుండవు. ఈ బెట్టను ముందే ఎట్లా పసిగట్టాలో పరిశోధించాలని నాకు గట్టి కోరిక.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెటియరాలజీ (వాతావరణ శాస్త్రం) ఎమ్మెస్సీ చేయాలా, ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాసి ఐఐటీలో ఫిజిక్స్ చదివి పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎంలో పీహెచ్‌డీకి పోవాలా? పైథాన్ ప్రోగ్రామింగ్ కొంచెం వచ్చు. వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లకు ఫోర్‌ట్రాన్ భాష కూడా ఇప్పుడే మొదలుపెట్టాలా? తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఎన్ఏఆర్ఎల్‌లో బీఎస్సీ వాళ్లను ప్రాజెక్టుకు తీసుకుంటారా?

ఇంట్లో బీఈడీ చేయమంటున్నారు. వాళ్ల భయం వాళ్లది. అందుకే పీహెచ్‌డీలో ఇచ్చే ఫెలోషిప్ డబ్బులో నా ఖర్చులు పోను ఇంటికి కొంత పంపగలనా అన్నదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఈ రంగంలో ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.