తెలుగు ఏఐ జవాబులకు రేటింగ్ ఇచ్చే ఫ్రీలాన్స్ పని: అర్హత పరీక్షకు ఎలా సిద్ధం కావాలి?

తుంగభద్ర_తీరం (ప్రశ్న):
అందరికీ నమస్కారం. రెండు ఏఐ జవాబులను పక్కపక్కన చూసి, ఏది మేలో చెప్పి, కారణం రాసే తెలుగు ప్రాజెక్టుకు అర్హత పరీక్ష లింకు వచ్చింది. గైడ్‌లైన్స్ చాలా పెద్దగా ఉన్నాయి. రెండు జవాబుల్లోనూ తప్పులుంటే ఎటు మొగ్గాలి? కారణం ఎంత రాయాలి? తెలుగుకు సంబంధించి ప్రత్యేకంగా ఏం చూడాలి? కర్నూలులో ఉంటూ, ఉద్యోగం చేసుకుంటూనే సాయంత్రాలు చేద్దామని ఆలోచన. డబ్బు డాలర్లలో వస్తుందట, పన్ను సంగతి కూడా తెలిసినవారు చెప్పండి.

అక్షరాలవాడ:
ముందు జవాబుల జోలికి పోకండి. ప్రాంప్ట్ (ఏఐని అడిగిన ప్రశ్న లేదా పని) చదివి, అందులో అడిగినవాటిని ఒక్కొక్కటిగా కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు ప్రాంప్ట్ ఇలా ఉందనుకుందాం: "అద్దెకున్నవాళ్లను ఇల్లు ఖాళీ చెయ్యమని మర్యాదగా వాట్సాప్ మెసేజ్ రాసివ్వు. నెల గడువు చెప్పు. 60 మాటలు దాటొద్దు." ఇందులో నాలుగు షరతులున్నాయి: విషయం, మర్యాద, గడువు, పొడవు.

మొదటి జవాబులో అన్నీ ఉన్నాయి కానీ 95 మాటలైంది. రెండోది 50 మాటల్లో ముగిసింది కానీ గడువు ఊసే లేదు. ఇలాంటప్పుడు తప్పులు లెక్కపెడితే చెరొకటి వచ్చి అక్కడే ఆగిపోతారు. ఏ తప్పు వల్ల అడిగినవాళ్ల పని చెడిపోతుందో చూడాలి. పొడవైన మెసేజ్ పంపినా ఇంటాయన పని జరుగుతుంది. గడువు లేనిది పంపితే మళ్లీ ఇంకోటి పంపుకోవాలి. కాబట్టి మొదటిదే "కొంచెం మేలు". "చాలా మేలు" అని మాత్రం పెట్టకండి, పరిమితిని 35 మాటలు దాటడం చిన్న విషయం కాదు. పొడవు తప్పితే పెద్ద తప్పుగా లెక్కించాలని గైడ్‌లైన్స్‌లో ఉంటే అదే చెల్లుతుంది, అక్కడ మన అభిప్రాయానికి చోటు లేదు. జవాబును, రెండు ఖాళీల మధ్య ఉన్నదాన్ని ఒక మాటగా లెక్కపెట్టే కౌంటర్‌లో వేసి చూడండి, కంటి అంచనాతో రాయొద్దు.

నిజానిజాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. గోదావరి పుష్కరాలు మళ్లీ ఎప్పుడని అడిగితే ఒక జవాబు చక్కటి తెలుగులో 2026 అంటుంది, ఇంకోటి ముతక తెలుగులో 2027 అంటుంది. కిందటివి 2015లో జరిగాయి, పన్నెండేళ్లకోసారి వస్తాయి కాబట్టి రెండోదే నెగ్గాలి. భాష సాఫీగా ఉన్నచోట తప్పు కంటికి ఆనదు. అందుకే తేదీ, అంకె, పేరు ఉన్న ప్రతి వాక్యాన్నీ ఆపి వెతకండి. ఇంకో చాట్‌బాట్‌ను అడిగి సరిచూసుకోవడం పనికిరాదు, రెండూ ఒకే తప్పు చెప్పే అవకాశం ఉంది.

కారణం మూడు నాలుగు వాక్యాలు చాలు, కానీ ప్రతి వాక్యం జవాబులోని ఏదో ఒక చోటును చూపించాలి. "మొదటిది సహజంగా, స్పష్టంగా ఉంది" అని రాస్తే రివ్యూలో (మన పనిని తనిఖీ చేసేటప్పుడు) నిలవదు, ఎందుకంటే అది ఏ జవాబుకైనా అతుకుతుంది. ఇలా రాయండి: "మొదటిది నెల గడువు చెప్పింది, కానీ 60 మాటల పరిమితిని 35 మాటలు దాటింది. రెండోది పరిమితిలోనే ఉన్నా గడువు వదిలేసింది, అది లేకుండా మెసేజ్ పంపినా ప్రయోజనం లేదు." ఈ కారణాన్ని ఏఐతో రాయించకండి. ఆ అనుమానం వస్తే ఖాతా మూసేసే ప్రమాదం ఉంది. పైగా మనిషి తీర్పు కోసమే కదా ఈ పని పెట్టింది.

వాడుకభాష_88:
తెలుగు సంగతి నేను చెబుతాను. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది అనువాదపు వాసన. "ఈ ఇల్లు మూడు గదులను కలిగి ఉంది", "దరఖాస్తు తిరస్కరించబడింది" లాంటివి. వ్యాకరణం తప్పు కాదు కాబట్టి కొత్తవాళ్లు వదిలేస్తారు. "ఇంట్లో మూడు గదులున్నాయి", "దరఖాస్తు తిరస్కరించారు" అని మార్చి చూపిస్తూ రాయండి, తెలుగు రాని రివ్యూయర్‌కు కూడా అర్థమవుతుంది.

రెండోది గౌరవం. "మీరు" అని మొదలుపెట్టి మూడో పేరాలో "నువ్వు చెయ్యి" లోకి జారిపోతుంది. పొడవైన జవాబుల్లో చివరిదాకా చదవకపోతే దొరకదు.

మూడోది వరసలు. నాన్న తమ్ముడి పెళ్లికి శుభాకాంక్షలు రాయమంటే "మామయ్య" అని రాసిందంటే చిన్న పొరపాటు కింద వెయ్యకండి. బాబాయిని మామయ్య అంటే ఆ మెసేజ్ ఎవరికీ పంపలేం.

"2 మిలియన్ల మంది" అని వస్తే "20 లక్షల మంది" అని సూచించండి. ప్రాంప్ట్ తెలంగాణ మాటలో ఉంటే దాన్ని తప్పుల తెలుగు అనుకోవద్దు. "ఏం జెయ్యాలె" అని అడిగినవాళ్లకు మామూలు తెలుగులో జవాబొచ్చినా ఫర్వాలేదు, కానీ ప్రశ్నను అపార్థం చేసుకుంటే అది జవాబు తప్పే. జవాబును తిరగరాయమన్నప్పుడు మీ శైలికి మార్చేయకండి, చెడిన చోటే దిద్దండి.

లెక్కలపుస్తకం:
డబ్బు దగ్గరికి వస్తాను. అమెరికా సంస్థ అయితే మామూలుగా డబ్ల్యూ-8బెన్ ఫారం అడుగుతుంది. మీరు అమెరికా పన్ను పరిధిలోని వ్యక్తి కాదని ఇచ్చే ధ్రువీకరణ అది. డబ్బు బ్యాంకుకు వచ్చిన ప్రతిసారీ రెమిటెన్స్ అడ్వైస్ (విదేశీ డబ్బు జమైనట్టు బ్యాంకు ఇచ్చే పత్రం) తీసి దాచుకోండి. జీతంతో పాటు ఈ ఆదాయం ఉంటే ఐటీఆర్-1 (జీతం లాంటి మామూలు ఆదాయాలకు వేసే సులువైన పన్ను రిటర్ను ఫారం) వెయ్యడం కుదరదు. టీడీఎస్ (డబ్బు ఇచ్చేవాళ్లు ముందే కోసిన పన్ను) పోగా ఏడాదికి కట్టాల్సిన పన్ను 10,000 రూపాయలు లేదా అంతకు మించి ఉంటే జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15 లోపల వాయిదాల్లో అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలి, లేకపోతే వడ్డీ పడుతుంది. జీఎస్టీ నమోదు రాబడి ఏడాదికి 20 లక్షలు దాటాకే. మీ ఉద్యోగ ఒప్పందంలో బయటి పని చెయ్యకూడదని ఉందేమో ఇప్పుడే చూసుకోండి.

పరీక్షకో శిక్షణకో ముందు డబ్బు కట్టమంటే అది మోసమే, అక్కడితో వదిలెయ్యండి. మీ ఖాతాను అద్దెకివ్వమని టెలిగ్రామ్‌లో అడిగేవాళ్లకు ఇవ్వొద్దు. మీ పేరుతో, మీ గుర్తింపు కార్డుతో ఎవరో పని చేస్తారు, చిక్కొస్తే మీ మెడకే చుట్టుకుంటుంది. ఇది చదివే అమెరికాలోని మన విద్యార్థులకు ఒక మాట: ఎఫ్-1 వీసా మీద ఉండి అనుమతి లేకుండా ఈ పని చేస్తే, ఇంట్లో కూర్చుని చేసినా వీసా ఉల్లంఘనే.

తుంగభద్ర_తీరం:
చాలా ధన్యవాదాలండీ. ఇంకొక్కటే. రెండూ నిజంగా సమానంగా అనిపిస్తే "సమానం" పెట్టేయొచ్చా?

అక్షరాలవాడ:
పెట్టొచ్చు, కానీ ముందు రెండోదాన్ని మొదట చదివి, తర్వాత మొదటిది చదవండి. ముందు చదివినదానికే మనసు మొగ్గుతుంది కాబట్టి వరస మారిస్తే తేడా బయటపడుతుంది. అప్పటికీ తేలకపోతే, అడిగినవాళ్లు ఏ జవాబును తక్కువ దిద్దుబాట్లతో వాడుకోగలరో చూడండి. అక్కడా ఒకటేనంటే "సమానం" పెట్టి, ఏయే షరతుల్లో సమానమో కారణంలో రాయండి. టైమర్ అయిపోతోందని మాత్రం పెట్టకండి, గడువు చాలకపోతే ఆ టాస్క్‌ను స్కిప్ చెయ్యడమే మంచిది.