అప్‌డేట్: నర్సింగ్ ఫ్రెషర్ రెజ్యూమె అడిగాను కదా, జాబ్ వచ్చింది

నల్గొండలో బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది, అనుభవం లేదు, రెజ్యూమెలో ఏం రాయాలి అని అడిగింది నేనే. మీరు చెప్పినట్టే ఆబ్జెక్టివ్ పేరా తీసేసి, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, బీఎల్‌ఎస్ (ప్రాణాపాయంలో చేసే ప్రాథమిక సాయం) సర్టిఫికెట్ పైన పెట్టాను. అసలు తేడా చదువులో భాగంగా ఆసుపత్రిలో చేసిన పోస్టింగ్స్ దగ్గరే వచ్చింది. ఇదివరకు 'ప్రభుత్వాసుపత్రిలో పోస్టింగ్' అని ఒక్క ముక్క ఉండేది, ఇప్పుడు లేబర్ రూమ్‌లో పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో చూపే గ్రాఫ్) నింపడం, మెడికల్ వార్డులో కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) పెట్టడం, ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టు (ఒంట్లోకి వెళ్లిన, బయటికి వచ్చిన ద్రవాల లెక్క) రాయడం అని వార్డువారీగా రాసి, సిస్టర్ల పర్యవేక్షణలో చేసినవాటికి ఆ మాట కూడా చేర్చాను. ఇంటర్వ్యూలో సూపరింటెండెంట్ మేడం నేరుగా అదే పట్టుకున్నారు, గ్రాఫ్ అలర్ట్ లైన్ (కాన్పు నెమ్మదిస్తోందని హెచ్చరించే గీత) దాటితే ఏం చేస్తావమ్మా అని. చేసిన పనే కాబట్టి తడుముకోకుండా చెప్పగలిగాను. 'చేయనిది రాయకు' అన్న అక్కా, మీకు చాలా థాంక్స్. హైదరాబాద్‌లో వచ్చే నెల జాయినింగ్, ముందు జనరల్ వార్డు ఇస్తారట.