చూపు లేనివారికి మాత్రమే శిక్షణ పెడితే అది వివక్ష అవుతుందా?

అందరికీ నమస్కారం. మేం కొందరం కలిసి చూపు లేనివారికి ఉచితంగా కంప్యూటర్ శిక్షణ మొదలుపెట్టాలనుకుంటున్నాం. పాఠాలన్నీ స్క్రీన్ రీడర్‌తోనే (తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) కాబట్టి వేరేవాళ్లను చేర్చుకోవడం లేదని ప్రకటనలో రాశాం. వినికిడి లోపం ఉన్న ఒకాయన ‘నాదీ వైకల్యమేగా, నన్నెందుకు వద్దంటున్నారు? ఇది వివక్ష కాదా?’ అని అడిగారు. ఏం చెప్పాలో తోచలేదు. రెండు రోజులుగా అదే టెన్షన్.

2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 5వ అధికరణం చదివాను. వాస్తవంలో సమానత్వం రావడానికి అవసరమైన ప్రత్యేక చర్యలను వివక్షగా చూడకూడదని అందులో ఉంది. ఆస్ట్రేలియా 1992 వైకల్య వివక్ష నిరోధక చట్టంలో 45వ సెక్షన్ కూడా ఇలాంటి మినహాయింపే ఇస్తోంది. బ్రిటన్ 2010 సమానత్వ చట్టమైతే, వికలాంగులను మెరుగ్గా చూడటం వైకల్యం లేనివారిపై వివక్ష కాదంటోంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ మా గొడవ వైకల్యం లేనివాళ్లతో కాదు, ఒక వైకల్యానికీ ఇంకో వైకల్యానికీ మధ్య!

ఇలాంటప్పుడు ప్రత్యేక చర్య అనే మినహాయింపు పనిచేస్తుందా? అవసరం ఉందని రుజువు చేయాల్సింది మేమేనా? పాఠాలు చెప్పే ఉద్యోగం కూడా చూపు లేనివారికే ఇస్తామంటే అదీ ఇందులోకి వస్తుందా? ఇలాంటివి చూసిన లాయర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ప్రకటన మార్చడానికి ఇంకా టైముంది.